సీటు కింది స్విచ్

3వ తేదీ, సోమవారం

ఇవాళ ట్రాక్టర్ నేను తోలాను. రాసి పెట్టుకుంటే తప్ప రేపు నాకే నమ్మకం కుదిరేలా లేదు.

ట్రాక్టర్ అంటే మరీ పెద్దదేం కాదు. మా కారు కన్నా కాస్త ఎత్తు, అంతే. కానీ వెనక గడ్డి కోసే కట్టర్ తగిలించి బ్లేడ్లు తిప్పారంటే దాని అరుపుకి పళ్ళు జిల్లుమంటాయి. పచ్చిక బయలంతా నడుం ఎత్తు పెరిగిపోయింది. చలికాలంలో ఆయనకి ఫిట్స్ వచ్చి వంటగదిలో పడిపోయాక అటువైపు చూసే తీరికా లేదు, ధ్యాసా లేదు. ఇప్పుడేమో నెలాఖరుకి మా ఆడపడుచు తన ఆవుల్ని ఇక్కడికి తోలుకొస్తానంటోంది. ముదిరిన గడ్డిని ఆవులు మూతితో కూడా తాకవు. కోసేస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. ఎవరినైనా పిలిచి కోయిద్దామంటే ఆయన ససేమిరా అన్నారు.

"షెడ్డులో మన బండి పెట్టుకుని ఇంకొకళ్ళని పిలవడమేంటి, నామోషీ. నేనే కోస్తాను."

ఆ "నేనే కోస్తాను" వినగానే, నేర్పించండి, నేను కోస్తాను అనేశాను. డాక్టరమ్మ చెప్పింది ఒకటే మాట. ఆర్నెల్లు ఒక్క ఫిట్స్ కూడా రాకపోతే మళ్ళీ స్కూలు బస్సు తోలొచ్చు. అప్పటిదాకా బస్సు లేదు, కారు లేదు, ట్రాక్టర్ అసలే లేదు. ఈ ఇరవై ఆరో తేదీకి ఆర్నెల్లు నిండుతాయి. ఆ తేదీ మీదే ప్రాణాలన్నీ పెట్టుకుని కూర్చున్నారాయన.

పాఠం మాత్రం బాగా చెప్పారు. ఇంజను జోరుగా తిరగాలి, బండి నత్తలా పోవాలి. మొదటిసారి కట్టర్ ఎత్తి పై సగం కోయాలి, రెండోసారి దించి కింది సగం కోయాలి. ఒక్క దెబ్బకే మొదలంటా కోసేద్దామని ఆశపడితే గడ్డి ఉండలు చుట్టుకుని బ్లేడ్లకి పట్టేస్తుంది. ఇంజను మూలిగితే క్లచ్ తొక్కాలి. దిగేముందు బ్లేడ్లు ఆపే మీట వెనక్కి లాగాలి.

"మర్చిపోతే?" అన్నాను.

"సీటు కింద స్విచ్ ఉందిలే. నీ బరువు సీటు మీంచి లేచిందంటే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. నీలాంటివాళ్ళ కోసమే పెట్టారు."

"నాలాంటివాళ్ళా, నా బరువున్నవాళ్ళా?"

చాలా రోజులకి నవ్వారు.

4వ తేదీ, మంగళవారం

కుట్టు షాపు నుంచి వచ్చాక గంటసేపు కోశాను. గడ్డిదే గెలుపు. మూడుసార్లు చుట్టుకుంది. మీట లాగడం, కిందికి దిగడం, లాగి పారెయ్యడం, మళ్ళీ ఎక్కడం, తల ప్రాణం తోకకొచ్చింది. మూడోసారి మీట సంగతే మర్చిపోయి లేచాను. ఇంజను టక్కున ఆగిపోయింది. భలే ఉంది! ఇంక ఆ మీటతో పనేంటి?

ఒళ్ళంతా పచ్చి గడ్డి వాసన.

6వ తేదీ, గురువారం

షాపులో యూనిఫారాల గోల. వంద నిక్కర్లు, వందకీ జేబులు. కుట్టుమిషను మీంచి తలెత్తినప్పుడల్లా ఇంటికి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది. పొద్దున చేస్తే తియ్యలేదు. మళ్ళీ చేశాను, తియ్యలేదు. కత్తెర కింద పెట్టేశాను. మూడోసారి తీశారు, ఆయాసపడుతూ.

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే, పెరట్లో. పదిసార్లు ఫోన్ చేస్తావేంటే, నేనేమైనా చంటిపిల్లాడినా?"

పెరట్లో ఉండి ఉంటారు. గాలి బాగుంటుంది అక్కడ.

7వ తేదీ, శుక్రవారం

భోజనాల బల్ల దగ్గర ఆడపడుచు సంగతి ఎత్తాను. ఆవులు పదో పన్నెండో కనుక్కోమన్నాను. బదులు లేదు. చెంచా పట్టుకుని నా వైపే చూస్తున్నారు, మాటలేదు. మూతి ఏదో నములుతున్నట్టుంది, నోట్లో ఏమీ లేదు. అలక. నిన్న ఫోన్లు చేసినందుకు అలక. నేను మాత్రం తక్కువ తిన్నానా, గిన్నెలు ఠంగుఠంగుమని సర్దేసి లోపలికి వచ్చేశాను.

9వ తేదీ, ఆదివారం

పడమటి కంచె పొడవునా ఒక పట్టీ కోసి ఉంది. నేను అటువైపు వెళ్ళిన గుర్తు లేదు. వెళ్ళే ఉంటాను. మొదటిరోజు భయంలో ఎటు తిప్పానో ఎవరికి తెలుసు? నాకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. మొన్న షాపులో ఒక నిక్కరుకి మూడు జేబులు కుట్టాను.

10వ తేదీ, సోమవారం

టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నారు: "మెకానిక్‌ని పిలువు. సీటు స్విచ్ పాడైంది. కూర్చునే ఉన్నా ఇంజను ఆగిపోతోంది."

"నాకెప్పుడూ ఆగలేదే?"

"నీకు ఆగదులే," అని నా వైపు ఎగాదిగా చూశారు.

మళ్ళీ బరువు మీద హాస్యం. సరే, ఆ హాస్యం వచ్చిందంటే మనసు బాగున్నట్టే. పాత సంగతి ఏదో చెప్తున్నారనుకుంటాను. పోయినేడు కూడా ఆగేదేమో.

డీజిలు తగ్గినట్టుంది. ఎక్కడైనా కారుతోందేమో మెకానిక్‌నే చూడమనాలి.

13వ తేదీ, గురువారం

మెకానిక్ వచ్చాడు. ఆయనకి వరసకి తమ్ముడు, నాకు మరిది. చేతులకి గ్రీజు లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళి ఫోటోలో కూడా గోళ్ళు నల్లగానే ఉంటాయి. సీటు ఊడదీశాడు, వైర్లు లాగాడు, మీటరు పెట్టి చూశాడు. తను కూర్చుని లేచాడు, నన్ను కూర్చోబెట్టి లేపాడు.

"వదినా, స్విచ్ బంగారంలా ఉంది. దీనికేం రోగం లేదు. డీజిలు కూడా ఎక్కడా కారట్లేదు."

"అయితే ఎందుకు ఆగుతోంది రా?" అని ఆయన మీదపడ్డారు.

"బరువు తీస్తే ఆగుతుందన్నా. పక్కకి ఒరిగినా, సగం లేచినా ఆగుతుంది. కుదురుగా కూర్చుంటే ఎందుకాగుద్ది?"

"నేను ఒరగలేదు. లేవలేదు. కుదురుగానే కూర్చున్నాను."

మెకానిక్ నా వైపు చూశాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. మగవాళ్ళు బండ్ల గురించి వాదించుకుంటుంటే మధ్యలో నేనెందుకు?

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "వదినా, దిగేటప్పుడు మీట లాగుతున్నారు కదా? స్విచ్‌ని నమ్ముకోకండి," అన్నాడు. లాగుతున్నానని చెప్పాను. అబద్ధం.

14వ తేదీ, శుక్రవారం

ఆయన సాక్సులు ఉతుకుతుంటే గడ్డి గింజలు. గుప్పెడు. గేటు దాకా నడిచినా అంటుకుంటాయి అవి. గడ్డి అంత ముదిరింది మరి.

16వ తేదీ, ఆదివారం

రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తాను.

మధ్యాహ్నం నీళ్ళ తొట్టి పక్కన కోస్తున్నాను. అక్కడ తేమకి గడ్డి దుబ్బులు దుబ్బులుగా ఉంది. ఆశపడి నిండు వెడల్పు కోశాను. ఇంజను మూలిగింది, క్లచ్ తొక్కి గేరు తీశాను, కట్టర్ కింద పెద్ద ఉండ ఇరుక్కుంది. అలవాటు ప్రకారం మీట లాగకుండా లేచి దిగాను. వంగి చెయ్యి పెట్టబోయాను.

ఇంజను ఆగలేదు.

ఆగలేదన్న సంగతి నాకు తట్టలేదు. చెవులకి ఆ మోత అలవాటైపోయి ఉంది. గడ్డి ఉండ ఒక్కసారి విదిలించుకుని బయటికి ఎగిరింది, ముక్కలై నా మొహాన కొట్టింది. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. జానెడు దూరం. ఇంక అంతే. గడ్డిలో చతికిలబడి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు, బండి పాటికి బండి మోగుతూనే ఉంది.

తర్వాత లేచి మీట లాగి, తాళం తిప్పి ఆపి, సీటు ఎత్తి చూశాను. స్విచ్ అణిగి ఉండేలా ఇనపతీగతో బిగించి కట్టేసి ఉంది. కొత్త తీగ, తళతళలాడుతోంది. గురువారం మెకానిక్ చూసినప్పుడు అది లేదు.

ఇంట్లోకి వెళ్ళి తీగ ఆయన ముందు పడేశాను.

"ఏంటిది?"

తీగ వైపే చూస్తున్నారు. ఇది అలకో ఏంటో అని నేను కాచుకుని నిలబడ్డాను. అలక కాదు, సిగ్గు. తల దించుకుని అన్నారు: "నువ్వు షాపుకి వెళ్ళాక కాసేపు తోలుతున్నాను. అరగంట, ఎక్కువ కాదు. బస్సు పోయింది, కారు పోయింది, ఇంట్లో బొమ్మలా కూర్చోలేనే. నాకు ఒంట్లో బాగుంది. ఐదు నెలలు దాటింది, ఒక్కసారి కూడా రాలేదు."

"నా చెయ్యి పోయేది!"

"నీకు మీట లాగమని చెప్పాను కదా."

చెప్పారు. నిజమే. అందుకే ఇంకా మండింది నాకు. నోటికొచ్చినన్ని మాటలు అన్నాను. మధ్యలో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే అన్నాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, వేళ్ళన్నీ ఉన్నాయా లేదా అన్నట్టు.

"తీగ ఎందుకు కట్టారు?"

"ఊరికే ఆగిపోతోంది. కూర్చుని ఉంటాను, ఉన్నట్టుండి చూస్తే ఇంజను ఆగి ఉంటుంది. మళ్ళీ స్టార్టు చెయ్యడం, మళ్ళీ ఆగడం. స్విచ్ పాడైంది అంటే వినడు వాడు."

17వ తేదీ, సోమవారం

స్విచ్ పాడే అయి ఉంటుంది. మెకానిక్‌కి అన్నీ తెలుసా ఏం? మొన్న మా కుట్టుమిషను మోటారు బాగుచేస్తానని తీసుకెళ్ళి వెనక్కి తిరిగేలా చేసి తెచ్చాడు.

18వ తేదీ, మంగళవారం

తాళంచెవి నా దగ్గరే. షాపుకి కూడా పట్టుకెళ్ళాను. ఆయన అడగలేదు.

తీగ తీసేశాను కాబట్టి సాయంత్రం భయంభయంగా ఎక్కాను. ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు ఆగుతుందో అని. చీకటి పడేదాకా కోశాను. గతుకుల్లో ఎగిరెగిరి పడ్డాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

నా బరువుకేమో.

20వ తేదీ, గురువారం

ఆడపడుచు ఫోన్. "ఏమ్మా, మా తమ్ముడు ఎలా ఉన్నాడు?" బాగున్నారని చెప్పాను. "బస్సు ఎక్కేస్తాడా మరి?" ఎక్కేస్తారని చెప్పాను. "స్కూల్లో పిల్లలు అడుగుతున్నారట వాడి గురించి. కొత్త డ్రైవరు ఈల వెయ్యడట." ఈయన ప్రతి స్టాపులో ఈల వేసేవారు, ఒక్కో పిల్లకి ఒక్కో రకం. ఫోన్ పెట్టేశాక కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయాను. పొద్దున తిన్నది పడలేదేమో.

22వ తేదీ, శనివారం

ఇవాళ ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను కోస్తుంటే ఆయన గేటు పక్కన బక్కెట్టు బోర్లించుకుని కూర్చోవాలి. నేను చుట్టు తిరిగి ఎదురుగా వచ్చినప్పుడల్లా చెయ్యెత్తాలి.

"ఎందుకే?"

"రాళ్ళేమైనా కనిపిస్తే మీరు చెప్తారని."

రాళ్ళు లేవు అక్కడ. ఆయనకీ తెలుసు. అయినా సరేనన్నారు.

మధ్యలో ఇంకో నాలుగైదు చుట్లకి సరిపడే గడ్డి మిగిలింది, చుట్టూ అంతా నున్నగా కోసేశాను. మొదటి చుట్టు, చెయ్యెత్తారు. రెండో చుట్టు, టోపీ తీసి మరీ ఊపారు, పెద్ద మంత్రిగారిలా. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి ఆ మోతలో కూడా కాస్త హాయిగా అనిపించింది.

తర్వాతి చుట్టులో చెయ్యి లేవలేదు.

నా వైపే తిరిగి ఉన్నారు. చూస్తున్నారు. నేను చెయ్యెత్తాను, ఆయన ఎత్తలేదు. ఎండ కళ్ళలో పడుతోందనుకున్నాను. దగ్గరికి వచ్చేకొద్దీ కనిపించింది. కుడి చెయ్యి చొక్కా గుండీని పీకుతోంది, పీకుతోంది, ఆపకుండా. ఒళ్ళు మెల్లగా ఒక పక్కకి ఒరుగుతోంది.

ఎలా లేచానో తెలీదు. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన పెదాల చప్పుడు వినిపించింది, ఖాళీ నోటితో ఏదో నములుతున్నట్టు. "ఏవండీ" అన్నాను. భుజం పట్టుకున్నాను. నన్నే చూస్తున్నారు, కానీ ఆ చూపులో నేను లేను. పడిపోకుండా ఒంటికి ఆనించుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా గుండె కొట్టుకోవడం ఆయన చెవికి వినపడుతూ ఉండాలి, కానీ వినేవాళ్ళెవరు?

కాసేపటికి కళ్ళార్పారు. గుండీ వదిలేశారు. ట్రాక్టర్ వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఎందుకు ఆపేశావే? బాగానే తెగుతోందిగా?"

"చెయ్యెత్తలేదేం?" అన్నాను.

"ఎత్తాను కదా. టోపీ కూడా ఊపాను. నువ్వే చూసుకోలేదు."

అబద్ధం ఆడటం లేదాయన. ముప్పై ఏళ్ళుగా ఈ మొహం చూస్తున్నాను, అబద్ధం ఆడితే కుడి కనుబొమ్మ లేస్తుంది. లేవలేదు.

"సరే, ఎండగా ఉంది, లోపలికి పదండి," అన్నాను.

ఆ చూపు నాకు కొత్త కాదు. భోజనాల బల్ల దగ్గర చూశాను. వరండాలో చూశాను. టీవీ ముందు చూశాను. అలక అనుకున్నాను. ఆయన అలిగారని నేనూ అలిగి, గిన్నెలు మోగించి, ఆ మనిషిని అక్కడ ఒంటరిగా వదిలేసి లోపలికి వెళ్ళిపోయాను. ఎన్నిసార్లో!

23వ తేదీ, ఆదివారం

మధ్యలో మిగిలింది కోసేశాను. ఆయన్ని వంటగది కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. చుట్టు చుట్టుకీ కిటికీ వైపు చూశాను. అన్ని చుట్లలోనూ చెయ్యి లేచింది.

24వ తేదీ, సోమవారం

చెప్తే బస్సు పోతుంది. చెప్పకపోతే బస్సు నిండా పిల్లలు.

25వ తేదీ, మంగళవారం

ఇవాళ చెప్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి కూర మాడిందన్నాను. రెండోసారి ఆవులు గురువారం వస్తాయట అన్నాను. మూడోసారి వెళ్ళేసరికి బస్సు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. నీలం చొక్కా, జేబు మీద స్కూలు పేరు. ఇస్త్రీ పెట్టె ఇంట్లో నా ఆస్తి, ఆయన ఎప్పుడూ ముట్టుకోరు. కాలరు దగ్గర ముడతలు పోవడం లేదు. నేను తీసుకుని చేసిపెట్టాను.

పిరికిదాన్ని.

26వ తేదీ, బుధవారం

ఆ నీలం చొక్కాయే వేసుకున్నారు. తల నున్నగా దువ్వుకున్నారు. కారులో పక్క సీట్లో కూర్చుని ఈల వేశారు. నాకు స్టీరింగు చేతిలోంచి జారిపోతుందేమోననిపించింది.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఊఁ, ఎలా ఉన్నారు? మళ్ళీ ఏమైనా వచ్చిందా?" అంది.

"లేదండీ. ఒక్కసారి కూడా రాలేదు." ఎంత ధైర్యంగా చెప్పారో! బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లాడిలా ఉన్నారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "అమ్మా, మీరేమంటారు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన నా వైపు చూశారు, చిన్నగా నవ్వుతూ, ఇది కూడా అయిపోతే ఇంటికి పోదాం అన్నట్టు.

"వచ్చిందండీ," అన్నాను.

నవ్వు అలాగే ఉండిపోయింది మొహం మీద. నా మాట లోపలికి వెళ్ళడానికి టైం పట్టింది.

శనివారం చూసింది చెప్పాను. గుండీ సంగతి, నోరు నమలడం, ఒరిగిపోవడం, "ఎందుకు ఆపేశావే" అనడం. భోజనాల బల్ల సంగతి కూడా. ఆవిడ రాసుకుంది. ఇవి చిన్న రకం ఫిట్స్ అంది, పడిపోరు, కొట్టుకోరు, వచ్చిన మనిషికి వచ్చినట్టే తెలీదు అంది. మందు మారుస్తానంది. ఆర్నెల్లు ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలు అంది. ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు తలుపు నా కోసం పట్టుకుని నిలబడ్డారు, ఎప్పటిలాగే. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

కారులో కూర్చున్నాం. నేను తిడతారని కాచుకున్నాను. తిడితే బాగుండు. సగం దారి వచ్చాక అన్నారు:

"ఎలా ఉన్నాను, అప్పుడు?"

"నన్నే చూస్తున్నారు. కానీ నేనెవరో తెలీనట్టు."

తలూపారు. ఓరకంట చూస్తూనే ఉన్నాను, కళ్ళార్పుతున్నారా లేదా అని. ఇక మీదట నా బతుకంతా ఇదే కాబోలు.

"అయితే స్విచ్ మంచిదేనన్నమాట," అన్నారు.

కారు నెమ్మది చేశాను.

ఒళ్ళో చెయ్యి పెట్టుకుని బొటనవేలితో ఒక్కో వేలూ తాకుతున్నారు. ఏం లెక్కో మొదట అర్థం కాలేదు. "పడమటి కంచె దగ్గర ఒకసారి," అన్నారు తనలో తనే. "తొట్టి దగ్గర రెండుసార్లు. గేటు మలుపులో..." ఇంజను ఆగిన చోట్లు. ఆ చేతి వేళ్ళు అయిపోయాయి. రెండో చెయ్యి తీశారు.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఆ చేతులు రెండూ పట్టుకున్నాను, లెక్క ఆపడానికి. చల్లగా ఉన్నాయి.

ఎదురుగా ఏదో స్కూలు బస్సు వస్తోంది, మావాళ్ళది కాదు. కిటికీల్లోంచి పిల్లలు చేతులు ఊపుకుంటూ పోయారు. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఆయన తల తిప్పి చూశారు.

"బస్సు సీటు కింద స్విచ్ ఉండదే," అన్నారు.